ఇంగ్లీషు పాఠం చెవికెక్కిన సంగతి

ఇట్టా రండి, మంట దగ్గరికి జరగండి. మంచు పడుతోందని మిరపకాయల మీద పట్టాలు కప్పించాను. ఇక తెల్లారేదాకా కల్లంలో కాపలా తప్ప మనకు పనేం లేదు. అమ్మాయ్, ఇందాక నువ్వు మీ అమ్మతో అన్న మాట నా చెవిన పడింది. "కాలేజీలో చెప్పేదంతా ఇంగ్లీషే. గంటసేపు కూర్చున్నా ఒక్క ముక్క నిలవట్లేదు. నాకీ ఇంజనీరింగు వద్దు" అన్నావు. ఇంటర్ దాకా తెలుగులో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవి. బుర్ర లేకపోతే ఆ మార్కులు ఎక్కణ్నుంచి వచ్చినయ్? నువ్వన్న మాటే అరవయ్యేళ్ల కిందట నేనూ అన్నాను తల్లీ. నాతో పాటు పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది అన్నారు. కొంతమంది అని ఊరుకోలేదు, పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశారు. వాళ్లలో నాకన్నా తెలివిగలవాళ్లు ఉన్నారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఈ ముచ్చట మొదటినుంచీ చెప్తాను, విను. చిన్నోడా, నువ్వూ విను. రేపో మాపో నీకూ ఇదే ఎదురవుతుంది.

మా చిన్నప్పుడు మన ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా వేరే జిల్లా చేశారు. రెండేళ్లకు దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో మళ్లీ మనల్ని బాపట్ల జిల్లాలో కలిపారు. జిల్లా ఏదైనా, పెద్ద చదువు అంటే మనకు గుంటూరే. లూథరన్ మిషను వాళ్లు 1885లో పెట్టిన ఏసీ కాలేజీ అక్కడుంది. ఎన్టీ రామారావుగారూ, జగ్గయ్యగారూ చదివింది అందులోనే. తరువాత హిందూ కాలేజీ వచ్చింది, 1946లో మెడికల్ కాలేజీ వచ్చింది. అంతకు ఏడాది ముందు బాపట్లలో వ్యవసాయ కాలేజీ పెట్టారు. అన్నిట్లోనూ పాఠం చెప్పేది ఇంగ్లీషులోనే. వాటిల్లో చేరే పిల్లలేమో పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి, నరసరావుపేట, పల్నాడు పల్లెల నుంచి, ఇంట్లో తెలుగు తప్ప మరొకటి వినపడని కొంపల నుంచి వచ్చేవాళ్లు. అప్పటికి సాగర్ నీళ్లు రాలేదు. నల్లరేగట్లో జొన్న, పొగాకు, మిరప, పత్తి. వానొస్తే పంట, లేకపోతే అప్పు. మా నాయన మిరపకాయలు అమ్మిన డబ్బుతో నా ఫీజు కట్టాడు.

బళ్లో మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలైంది. మాస్టారు ఒక వాక్యం చదివి, దానికి తెలుగులో అర్థం చెప్పేవారు. మేం అది రాసుకుని బట్టీ పట్టేవాళ్లం. ఎస్‌ఎస్‌ఎల్‌సీ పాసయ్యేనాటికి ఇంగ్లీషులో ఆవు మీద వ్యాసం రాయగలను, పెద్దపులి మీద రాయగలను. అయితే ఆ భాషను కంటితో చదివాం, చేత్తో రాశాం, అంతే. ఒక మనిషి నోరు తెరిచి ఒక సంగతిని మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులో చెప్పగా మాలో ఎవరూ వినలేదు. సైన్సు, లెక్కలు, సాంఘికం అన్నీ తెలుగులోనే. బాగా చెప్పేవారు కూడా. నీళ్లలో వస్తువు బరువు ఎందుకు తగ్గుతుందో చెరువుగట్టుకి తీసుకెళ్లి, చేదకు కట్టిన రాయిని నీళ్లలో దించి చూపించిన మాస్టారు మాకుండేవారు.

1963లో గుంటూరులో పీయూసీలో చేరాను. అది ఒక్క ఏడాది చదువు. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చేదాకా అదే పద్ధతి. పరీక్షలు పెట్టేది వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీ. నాగార్జునా యూనివర్సిటీ 1976లో గదా వచ్చింది. పాఠం ఇంగ్లీషు, పుస్తకం ఇంగ్లీషు, ప్రశ్న ఇంగ్లీషు, జవాబు ఇంగ్లీషు. ఎండాకాలం సెలవులకు ముందు తెలుగులో చదివినవాడు, సెలవులయ్యేసరికి ఇంగ్లీషులో విని రాసుకోవాలి. ఆ ఒక్క ఏడాదిలోనే చెవి మళ్లాలి, పాఠం రావాలి, పరీక్ష గట్టెక్కాలి.

మొదటి ఫిజిక్సు క్లాసు నాకింకా గుర్తే. వందమందికి పైగా ఉన్న హాలు. లెక్చరరుగారు సబ్జెక్టు తెలిసిన మనిషి, మంచివాడు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా ఎక్కడా ఆగలేదు. ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తయిందో తెలియలేదు. మనం తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి ఎక్కడ తెగిందో చెవికి తెలుస్తుంది. ఆయన మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వచ్చినయ్. ఎక్కడన్నా తెలిసిన మాట దొరికి, దాని అర్థం గుర్తు తెచ్చుకునే లోపల నాలుగు వాక్యాలు దాటిపోయేవి. ముందు బెంచీల్లో కాన్వెంటులో చదివొచ్చిన పిల్లలు చకచకా రాసుకుంటున్నారు. వెనక బెంచీల్లో మేం, వాళ్ల చేతులు కదిలినప్పుడల్లా మా కలాలు కదిలించాం.

బ్రాడీపేటలో చిన్న గది తీసుకుని ముగ్గురం ఉండేవాళ్లం. కిరసనాయిలు స్టవ్వు, ఇంటినుంచి తెచ్చుకున్న బియ్యం, జాడీల్లో గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి. ముగ్గురిలోకీ లెక్కల్లో గట్టివాడు అద్దంకి వైపు కుర్రాడు. కాగితం ముట్టకుండా చక్రవడ్డీ కట్టి చెప్పేవాడు. దసరాకి ఇంటికెళ్లినవాడు మళ్లీ రాలేదు. వాళ్ల నాయన "మన వల్ల కాదులేరా" అని పొగాకు బ్యారను పనికి పెట్టాడంట. ఆ కుర్రాడి బుర్రకి ఏం తక్కువ? ఒక్క ఏడాది ఎవరన్నా పక్కన కూర్చుని దారి చూపిస్తే ఏ ఇంజనీరో అయ్యేవాడు. భాష అడ్డంపడితే తెలివి లేదని నమ్మేయడం మనకు బాగా అలవాటైపోయింది. పిల్లలూ నమ్ముతారు, తల్లిదండ్రులూ నమ్ముతారు. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే తల్లీ.

ఆ దసరాకి నేనూ ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్లాలని లేదు. బడి సైన్సు మాస్టారి దగ్గరికి పోయి, "మాస్టారూ, నాకు ఎక్కట్లేదు" అన్నాను. "ఏం చెప్తున్నారు అక్కడ?" అని అడిగారు. నోటుపుస్తకం చూపించాను. అంతా తెగిపోయిన మాటలే. ఆయన రెండు మూడు మాటలు చూసి, "ఇది బాయిల్ సూత్రం గదరా. నేను నీకు చెప్పిందే. ఏదీ, చెప్పు" అన్నారు. చెప్పాను. ఉష్ణోగ్రత మారకుండా ఉంచితే, వాయువు మీద పీడనం పెరిగేకొద్దీ ఘనపరిమాణం తగ్గుతుంది. పీడనం రెండింతలైతే ఘనపరిమాణం సగమవుతుంది. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చి ఇట్టా అన్నారు: "పాఠం నీకు వచ్చు. దాని ఇంగ్లీషు చప్పుడు రాదు. పాఠమూ కొత్తదై, భాషా కొత్తదైతే ఏ చెవీ మోయలేదురా. రెంటిలో ఒకదాన్ని పాతది చేసుకుని క్లాసులోకి వెళ్లు."

నా చదువుకంతటికీ ఆ మాటే ఆధారమైంది. ఆ తరువాత నేను పాఠాలు చెప్పిన పిల్లలందరికీ కూడా అదే చెప్పాను.

మాస్టారు ఇంకో సంగతి కూడా గుర్తుచేశారు. ఒంగోలుకు 1866లో వచ్చిన క్లౌ దొరగారు అమెరికా మనిషి. పెద్దవాడైన తరువాత ఈ గడ్డమీదికొచ్చి తెలుగు నేర్చుకుని పల్లె పల్లె తిరిగాడు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కొంత కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేట్టు చేశాడు. గుంటూరులో ఆస్పత్రి కట్టిన కుగ్లర్ డాక్టరమ్మ 1883లో వచ్చింది. ఆమె కూడా మన భాష నేర్చుకునే మన ఆడవాళ్లకు వైద్యం చేసింది. "వాళ్లు పుట్టి పెరిగింది ఎక్కడ, మన పల్లె తెలుగు ఎక్కడ! వాళ్ల చెవులు అలవాటు పడ్డప్పుడు మీ చెవులు పడవా?" అన్నారు మాస్టారు.

సెలవులయ్యాక గుంటూరు పోతూ పెట్టెలో నా పాత తెలుగు సైన్సు పుస్తకాలు కూడా పెట్టుకున్నాను. గదిలో మిగిలిన స్నేహితుడికీ మాస్టారి మాట చెప్పాను. ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రేపటి పాఠం ఏదో ముందురోజు రాత్రే చూసుకోవడం. తెలుగు పుస్తకంలో అది ఉంటే ముందు అది చదివి, ఆ తరువాత ఇంగ్లీషు పుస్తకంలో అదే భాగం చదవడం. ఒక కాగితాన్ని నిలువుగా మడిచి ఎడంపక్క తెలుగు మాట, కుడిపక్క ఇంగ్లీషు మాట రాసుకోవడం. పీడనం, ప్రెషర్. ఘనపరిమాణం, వాల్యూమ్. స్థిరం, కాన్‌స్టంట్. అనులోమానుపాతం, డైరెక్ట్‌లీ ప్రపోర్షనల్. పది పన్నెండు మాటలకు మించి రాసేవాళ్లం కాదు. రాసినవి ఒకరు చదువుతుంటే ఇంకొకరు కళ్లు మూసుకుని విని తెలుగులో చెప్పాలి. మర్నాడు ఆ మాట చెవికి రాబోతుంది కాబట్టి దాన్ని చెవితోనే నేర్చుకోవాలని మాకు తోచింది.

మర్నాడు ఛార్లెస్ సూత్రం. లెక్చరరుగారు బోర్డు వైపు తిరిగి "ప్రెషర్ రిమైనింగ్ కాన్‌స్టంట్" అన్నారు. అమ్మాయ్, ఆ మూడు మాటలు విడివిడిగా, శుభ్రంగా వినపడినయ్. పీడనం స్థిరంగా ఉంది అన్నారంటే ఇక మారేది ఉష్ణోగ్రతా, ఘనపరిమాణమే. ఆ రెండు మాటల కోసం కాచుకుని కూర్చున్నాను. "వాల్యూమ్" వచ్చింది. "టెంపరేచర్" వచ్చింది. మధ్యలో ఆయన ఏవేవో మాటలు వాడారు, సగం తెలియవు. తెలియకపోయినా పాఠం చెయ్యిదాటి పోలేదు. పాఠం ఎటు పోతోందో తెలిసినవాడికి మధ్యలో నాలుగు మాటలు జారిపోయినా నష్టం లేదు. వినేవాడి పని సగం ముందుగా ఊహించడంలోనే ఉందని ఆ గంటలో నాకు తెలిసొచ్చింది.

తరువాత తెలిసింది, అన్ని మాటలకీ ఒకే శ్రద్ధ పెట్టక్కర్లేదని. రేపు పొద్దున మన కల్లంలో తాలు ఏరే ఆడవాళ్లని చూడు. ప్రతి కాయనీ ఎత్తి చూడరు. రాశి మీద చెయ్యి పోతూనే ఉంటుంది, తెల్లబారిన కాయ దగ్గర ఠక్కున ఆగుతుంది. పాఠం వినడం కూడా అట్టాంటిదే. చెవి పోతూనే ఉండాలి, ఆగాల్సిన చోట ఆగాలి. ఎక్కడ ఆగాలో పాఠం చెప్పేవాళ్లే చెప్తారు. "దేర్‌ఫోర్" అన్నారంటే ఇప్పటిదాకా చెప్పినదాని ఫలితం వస్తోంది, కలం పట్టుకో. "బట్" అన్నా "హౌఎవర్" అన్నా మాట ఇటునుంచి అటు తిరుగుతోంది, జాగ్రత్తపడు. "ఫర్ ఎగ్జాంపుల్" అన్నారంటే కొత్త విషయం ఆగింది, ఇందాకటిది అర్థమైతే కాసేపు ఊపిరి పీల్చుకో, కాకపోతే ఇప్పుడన్నా పట్టుకో. "దట్ ఈజ్" అన్నారంటే అదే సంగతి ఇంకో రకంగా మళ్లీ చెప్తున్నారు, పోయిందనుకున్నది తిరిగొస్తోంది. "ఫస్ట్" అన్నారంటే "సెకండ్" ఉంటుంది, దానికి చోటు వదిలిపెట్టుకో. మాట నెమ్మదించినా, సుద్దముక్క బోర్డు మీద గట్టిగా పడినా, ఒకే మాట రెండుసార్లు వచ్చినా అక్కడేదో ముఖ్యమైంది ఉన్నట్టే.

ఒక మాట పోయిందా, పోనివ్వు. దానికోసం వెనక్కి వెళ్లావంటే ముందువి పది పోతయ్. పుస్తకంలో అక్కడొక గీత గీసి ముందుకెళ్లు. గీతలు ఎన్నైనా ఉండనీ, సాయంత్రం పూరించుకోవచ్చు.

సాయంత్రం మా గదిలో స్టవ్వు మీద అన్నం ఉడుకుతుంటే, ఆ రోజు పాఠం ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. తెలుగులో. నాకు పోయినచోట వాడికి దొరికేది, వాడికి పోయినచోట నాకు దొరికేది. ఇద్దరికీ దొరకనిది ఉంటే మర్నాడు లెక్చరరుగారి గదికి వెళ్లి అడిగేవాళ్లం. మొదట్లో అడగడానికి నోరు పెగల్లేదు. అడిగిన తరువాత చూస్తే, ఆయన చాలా సంతోషించి తెలుగులోనే విడమరిచి చెప్పారు. మేం ఒక కొలత పెట్టుకున్నాం: విన్నది మనవాడికి మన భాషలో చెప్పలేకపోతే, విన్నట్టు లెక్క కాదు. నోటుపుస్తకం నిండా ఇంగ్లీషు వాక్యాలున్నా సరే.

ఇక రేడియో సంగతి. మేం అద్దెకున్న ఇంటాయనకి మర్ఫీ రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం 1948లోనే వచ్చింది, దానివల్ల గుంటూరులో స్పష్టంగా పలికేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు కూడా వచ్చేవి. మన తెనాలి దగ్గర మోరంపూడి మనిషి జగ్గయ్యగారు, సినిమాల్లో పేరు రాకముందు, ఢిల్లీలో ఆ వార్తలు చదివినాయనే. మేం ముందు తెలుగు వార్తలు వినేవాళ్లం, రాత్రి తొమ్మిదింటికి ఢిల్లీ ఇంగ్లీషు వార్తలు వినేవాళ్లం. సంగతి అప్పటికే తెలుసు కాబట్టి ఇంగ్లీషు మీద దృష్టి పెట్టడానికి తీరిక ఉండేది. వార్తలు చదివేవాళ్లు తొందరపడరు, ప్రతి మాటా తేటగా పలుకుతారు. ఆ ఏడాది నవంబరులో అమెరికా అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారు. డల్లాస్ అనే ఊళ్లో. ఆ రోజంతా రేడియోలో అదే వార్త, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మార్చి మార్చి. రాత్రి తొమ్మిది గంటల వార్తలకల్లా కాల్చినచోటు, కారు, ఆస్పత్రి, విమానంలోనే జాన్సన్ ప్రమాణస్వీకారం, అన్నీ ఇంగ్లీషులో వచ్చింది వచ్చినట్టు తలకెక్కినయ్. ఇంటాయన కూడా ఆశ్చర్యపోయి, "మీరిద్దరూ రోజూ వచ్చి కూర్చోండయ్యా" అన్నాడు.

తెలిసిన మాట కూడా క్లాసులో ఎందుకు తెలియదో మాకు చెప్పిన మనిషి ఇంకొకాయన ఉన్నారు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పుడది పెద్ద యూనివర్సిటీ. అక్కడ శిక్షణ పొందివచ్చిన ఇంగ్లీషు లెక్చరరు మాకొక గంట చెప్పారు. తెలుగులో అన్ని అక్షరాలకీ దాదాపు సమానంగా బరువు పడుతుంది. ఇంగ్లీషు మాటలో ఒకచోటే బరువు పడుతుంది, మిగతావి నలిగిపోతయ్. మనం పుస్తకం చూసి "డెవలప్‌మెంటు" అని అన్ని అక్షరాలూ నొక్కి పలుకుతాం. సరిగ్గా పలికేవాళ్ల నోట "వె" ఒక్కటే గట్టిగా వినపడుతుంది, దాని ముందూ వెనకా ఉన్నవి సన్నగా పోతయ్. "ఫొటోగ్రాఫ్"లో బరువు మొదట్లో ఉంటే, "ఫొటోగ్రఫీ" అనేసరికి అది రెండో అక్షరం మీదికి పోతుంది. మనం ఒక చప్పుడు కోసం కాచుకుంటే పాఠం చెప్పేవాళ్ల నోట ఇంకో చప్పుడు వస్తుంది. అందుకే ఆయన మాకు చెప్పింది, "కొత్త మాట నేర్చుకుంటే బరువు ఎక్కడుందో దాని కింద గీత పెట్టుకోండి, పైకి పలకండి" అని. నోరు పలికినదాన్ని చెవి త్వరగా గుర్తుపడుతుంది. నా మాట నమ్ము, ఇది నేను ఎంతోమంది పిల్లల దగ్గర చూశాను.

సంక్రాంతి వెళ్లేసరికి ఫిజిక్సు, లెక్కలు బాగానే వినపడుతున్నయ్. కెమిస్ట్రీ కష్టంగానే ఉండేది, ఎందుకంటే దానిలో బళ్లో చదవని సంగతులు ఎక్కువ. మాస్టారన్నట్టు పాఠమూ భాషా రెండూ కొత్తవైన చోట ఆలస్యమైంది. అయినా మార్చి నాటికి పరీక్ష రాయగలమన్న ధైర్యం వచ్చింది. ఇద్దరం పాసయ్యాం.

పరీక్షలు రాసి ఊళ్లో ఉండగా, 1964 మే 27న నెహ్రూగారు పోయారు. మన ఊరికి ఆయన రాజకీయ నాయకుడు ఒక్కటే కాదు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసింది ఆయనే. ఆ నీళ్ల కోసం మన చేలన్నీ కళ్లు కాయలు కాచేట్టు చూస్తున్న రోజులు. మర్నాడు అంతిమయాత్ర. పంచాయతీ ఆఫీసు రేడియోకి గొట్టం మైకు ఉండేది. ఊరంతా అక్కడికి చేరింది, ఆడవాళ్లు కూడా. ఢిల్లీ నుంచి హిందీలో, ఇంగ్లీషులో చెప్తున్నారు. ఎవరికీ అర్థం కావట్లేదు. పంచాయతీ ప్రెసిడెంటు నన్ను చూసి, "ఏరా అబ్బాయ్, గుంటూరులో చదువుతున్నావు గదా, ఏమంటున్నారో జనానికి చెప్పు" అన్నాడు.

అరుగు మీద నిలబడ్డాను. కాళ్లు వణికినయ్. పొద్దున తెలుగు వార్తల్లో ఏం జరగబోతోందో విన్నాను కాబట్టి దారి తెలుసు. తీన్‌మూర్తి భవన్ నుంచి బయల్దేరతారు, ఫిరంగి బండి మీద తీసుకెళ్తారు, యమున ఒడ్డున, గాంధీగారి సమాధికి దగ్గరలో దహనం చేస్తారు. "గన్ క్యారేజ్" అన్న మాట వినగానే బండి కదిలిందని చెప్పాను. జనం ఎట్టా ఉన్నారో, ఎండ ఎట్టా ఉందో చెప్తున్నారు, అందినంతవరకు చెప్పాను. అంతలో ఒక ముసలమ్మ, "నాయనా, ఆ బిడ్డ ఇందిరమ్మ యాడుందో అడుగు" అంది. రేడియోని అడగలేం గదా. కానీ ఆమె అడిగిన తరువాత నేను ఆ ఒక్క పేరు కోసమే చెవి పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆ పేరు వచ్చింది. చెప్పాను. ముసలమ్మ చేతులు జోడించింది. చితికి మనవడు సంజయ్ నిప్పు పెట్టాడని చెప్పినప్పుడు ఆడవాళ్లు గొల్లుమన్నారు. వినేటప్పుడు మనసులో ఒక ప్రశ్న ఉంటే, ఎంత రొదలో ఉన్నా జవాబు చెవికి దొరుకుతుంది. ఆ సంగతి నాకు ఆ ముసలమ్మ నేర్పింది. క్లాసులోకి వెళ్లేముందు పుస్తకం మీద ఒక ప్రశ్న రాసుకుని కూర్చునే అలవాటు ఆ తరువాత నుంచే.

1967 ఆగస్టులో ఆ ఇందిరమ్మే వచ్చి సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. ఆ కాలువ చివరికి ఉన్న మన భూములకి కూడా ఎన్నో కొన్ని నీళ్లు వచ్చినయ్. పత్తి, మిరప పెరిగినయ్, చేతిలో డబ్బు ఆడింది, పిల్లల్ని కాలేజీకి పంపడం ఎక్కువైంది. ఆడపిల్లలు కూడా పోవడం మొదలుపెట్టారు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి, ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చారు. చాలా మంచి పని. వాటితో ఎన్ని వేలమంది గట్టెక్కారో! అయితే డాక్టరీ, ఇంజనీరింగు మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయినయ్. మాకు పీయూసీలో వచ్చిన కష్టం మీకు బీటెక్కులో వస్తోంది, అంతే తేడా.

నేను బళ్లో సైన్సు చెప్పినన్నాళ్లూ ఎండాకాలం సెలవుల్లో, పరీక్ష రాసిన పిల్లల్ని మన ఇంటి వసారాలో కూర్చోబెట్టేవాణ్ణి. వచ్చే ఏడాది పుస్తకంలో మొదటి పాఠాలు తీసి, ముందు తెలుగులో చెప్పి, తరువాత అదే పాఠం ఇంగ్లీషులో నెమ్మదిగా చదివేవాణ్ణి. వాళ్లు విని తెలుగులో చెప్పాలి. కాలేజీ తెరిచేసరికి మొదటి నెల పాఠం వాళ్లకు పాతదై ఉండేది. ఆ మొదటి నెలలో భయపడనివాడు మరిక వెనక్కి రాడు.

పాఠం చెప్పేవాళ్లకి కూడా బాధ్యత ఉంది తల్లీ. ముఖ్యమైన మాటలు ముందే బోర్డు మీద రాయాలి. ఒక సంగతి చెప్పి ఆగాలి. అదే సంగతి ఇంకో రకంగా చెప్పాలి. గంట కొట్టేముందు ఒక పిల్లనో పిల్లోణ్ణో లేపి, "ఏం అర్థమైందో తెలుగులో చెప్పు" అనాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అంటున్నారు. సంగతి ఏమిటో తెలియని పసిబిడ్డకి, భాషా తెలియనప్పుడు, ఆ బిడ్డ ఏం పట్టుకుంటుంది? ముందు సంగతి తల్లిభాషలో గట్టిపడనివ్వాలి. చిన్నోడి సంచీలో చూశాను, 2020 నుంచి మన ప్రభుత్వ బళ్ల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు ఉంటోంది. మేం రాత్రుళ్లు కాగితం మడిచి రాసుకున్నది వీళ్లకు అచ్చువేసి ఇస్తున్నారు. ఒరేయ్ చిన్నోడా, ఆ పుస్తకంలో ఒక్క పక్కే చదివి మూసేయకు. రాత్రి తెలుగు పేజీ, మర్నాడు క్లాసులో ఇంగ్లీషు పేజీ.

ఇక నీకు, అమ్మాయ్, మాకు లేని వసతి ఒకటుంది. మాకు క్లాసులో పోయిన మాట పోయినట్టే. నీ ఫోనులో ఐఐటీల వాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా ఉన్నయ్. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, వేగం తగ్గించొచ్చు, కింద అక్షరాలు కూడా చూడొచ్చు. ముందు అక్షరాలు చూడకుండా ఒకసారి విను. తరువాత చూస్తూ విను. మూడోసారి మళ్లీ చూడకుండా విను. మొదటినుంచీ అక్షరాలు చూస్తే కన్నే చదివేస్తుంది, చెవికి పని ఉండదు. రోజూ కాసేపు చాలు. వారానికోరోజు గంటలకొద్దీ కూర్చుంటే అలసట తప్ప ఏం మిగలదు.

నీ సోమవారం పాఠం థర్మోడైనమిక్స్ అన్నావు. దాన్నే నువ్వు ఇంటర్లో ఉష్ణగతిక శాస్త్రం అని చదివావు. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, అంతర్గత శక్తి, అన్నీ నీకు వచ్చినవే. రేపు ఆ పాత పుస్తకం అటక మీంచి దింపుదాం. ఆదివారం రాత్రి కాగితం మడిచి పది మాటలు రాయి, మీ తమ్ముడు చదువుతాడు, నువ్వు విని చెప్పు. సోమవారం సాయంత్రం హాస్టలు నుంచి నాకు ఫోను చేసి, క్లాసులో విన్నదంతా తెలుగులో చెప్పు. నీకు చెప్పడం రాక ఆగినచోట నేను ప్రశ్న అడుగుతాను. ఆ ప్రశ్న పుస్తకం మీద రాసుకో. మంగళవారం క్లాసులో చెవి పెట్టాల్సింది దాని మీదే.